తొమ్మిది రోజుల ముందు

దర్జీ పెద్దమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. జిప్పు మార్చమంటూ ఎవరైనా ఉతకని ప్యాంటు తెస్తే మొహం మీదే విసిరికొట్టేది. "నేను కుట్టేదాన్నా, మీ మురికి వాసన చూసేదాన్నా?" అని కడిగిపారేసేది. అయినా జనం ఆమె దగ్గరికే వచ్చేవారు, ఎందుకంటే గుడ్డ చిరిగిపోవాలే గానీ ఆమె వేసిన కుట్టు ఊడదు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఒకటే జవాబు. "అడిగినవాళ్ళ కొలతలు నాకు నచ్చలేదు" అని టేపు మెడలో వేసుకుని మళ్ళీ మిషను తొక్కేది.

అలాంటి మనిషి ఇంటికి పన్నెండేళ్ళ కిందట పిల్లల సంక్షేమ ఆఫీసు వాళ్ళు ఒక ఆరేళ్ళ పిల్లను తెచ్చి అప్పజెప్పారు. కన్నవాళ్ళు చూసుకోలేని పిల్లలను ఆ ఆఫీసు తన సంరక్షణలోకి తీసుకుని, పెంచగలిగినవాళ్ళ ఇళ్ళలో ఉంచుతుంది. ఖర్చులకు నెలనెలా కొంత పంపుతుంది, వైద్యానికి ఒక కార్డు ఇస్తుంది. వచ్చిన రోజు ఆ పిల్ల కంచం ముందు కూర్చుని ఒక్కొక్క మెతుకే ఏరుకుంటుంటే పెద్దమ్మ చూసి చూసి, "ఇదేం తిండే, పిచ్చుకలాగా!" అంది. ఆ పేరే ఖాయమైపోయింది. పిచ్చుక ఆమెను పెద్దమ్మా అని పిలిచింది, వీధంతా ఆ పిలుపునే అందుకుంది.

పిచ్చుకకు ఫిట్స్ ఉన్నాయి. పొద్దున ఒక మాత్ర, పడుకునే ముందు రెండు, మూడు నెలలకొకసారి రక్తపరీక్ష. వేళకు మింగినంత కాలం ఏ గొడవా లేదు. చక్కగా చదువుకుంది, బేకరీలో పనికి కుదిరింది. వేళ తప్పితే మాత్రం ఎక్కడున్నది అక్కడే విరుచుకు పడిపోతుంది. ఆ మాత్రలు, ఆ పరీక్షలు అన్నీ కార్డు మీదే జరిగేవి. సొంతంగా కొనాలంటే దర్జీ పని, బేకరీ పని కలిపినా ఏ మూలకూ రాదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే పెద్దమ్మ ఒక్క పూట మరిచిపోయింది.

ఆ పూట కర్టెన్లు కుట్టించుకునే ఒకావిడ వచ్చింది. పిచ్చుకకు పద్దెనిమిది నిండడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. "పిల్లకి పద్దెనిమిది వచ్చేస్తున్నాయటగా. ఇంక ఆఫీసు డబ్బులు ఆగిపోతాయిగా, పంపించేస్తావా ఉంచుకుంటావా?" అందావిడ, కర్టెను ఎంత పొడవుండాలో చెప్పినంత మామూలుగా.

పన్నెండేళ్ళుగా ఈ మాటే. ఒకరు మొహాన అంటారు, ఇంకొకరు వెనకాల అంటారు, అంతే తేడా. జ్వరం వస్తే పక్కన కూర్చున్నది ఎవరికీ పట్టదు, ఫిట్స్ వచ్చినప్పుడు తల ఒళ్ళో పెట్టుకున్నది పట్టదు, నెలనెలా వచ్చే డబ్బే అందరి కళ్ళకీ కనిపిస్తుంది. పెద్దమ్మ ఆ కర్టెన్లను మడతపెట్టి ఆవిడ చేతిలో పెట్టింది. "వేరే దర్జీని చూసుకోండి" అంది. మిట్టమధ్యాహ్నం షట్టరు దించేసి తిన్నగా ఆఫీసుకు వెళ్ళింది.

పిచ్చుక ఫైలు చూసే మేడంకి ఆ వారమే బదిలీ అయింది. గదినిండా అట్టపెట్టెలు, తాళ్ళు. సగం కట్టిన పెట్టె మీద కాగితం పెట్టుకుని రాస్తోంది పాపం.

"ఫైలు మూసేయండి మేడం. ఇవాళే మూసేయండి" అంది పెద్దమ్మ. "పద్దెనిమిదో పుట్టినరోజు నాటికి అది ఆఫీసు పిల్లగా ఉండకూడదు. మా ఇంటి పిల్లగా ఉండాలి."

"తొమ్మిది రోజులే కదమ్మా. ఓపిక పట్టండి, దానంతటదే అయిపోతుంది."

"ఆ తొమ్మిది రోజుల డబ్బు కూడా నాకొద్దు. ఎవరికి కావాలి మీ డబ్బు!"

మేడం నిట్టూర్చి అప్పగింత పత్రం తీసింది. పిల్లను ఆఫీసు సంరక్షణ నుంచి తప్పించి ఇంటివాళ్ళకు పూర్తిగా వదిలేస్తున్నామని రాసే కాగితం అది. పెద్దమ్మ సంతకం అయింది, మేడం సంతకం అయింది. "పిల్ల సంతకం కూడా కావాలి. తనకి చెప్పారా?" అంది మేడం.

"పుట్టినరోజు కానుక మేడం ఇది. ముందే చెప్పేస్తే ఇంక కానుకేముంది? తర్వాత వచ్చి పెడుతుందిలెండి."

"అయినా ఒక మాట అడగాలి కదమ్మా."

"నా పిల్లని నేను అడిగేదేంటండీ!"

నిజానికి ఆపాల్సింది ఆ మేడమే. అంత చదువు చదివి, అన్నేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని, కార్డు సంగతేమిటమ్మా అని ఒక్క ముక్క అనలేకపోయింది. బదిలీ హడావుడిలో తోచలేదో, పెద్దమ్మ నోటికి జడిసిందో తెలియదు. ముద్ర కొట్టేసింది. పిల్ల సంతకం చోటు ఖాళీగానే ఉండిపోయింది.

పుట్టినరోజు నాడు పెద్దమ్మ తను కుట్టిన నీలం చొక్కా, దాని మీద ఆ పత్రం ఉన్న కవరు పెట్టి ఇచ్చింది. పిచ్చుక కాగితం రెండుసార్లు చదివింది.

"ఫైలు మూసేశారా?"

"మూసేశారు! ఇంక ఆఫీసు నుంచి ఎవరూ వచ్చి నిన్ను చూసి, రాసుకుని పోరు. నువ్వు ఎవరి పిల్లవని ఎవడైనా అడిగితే ఈ కాగితం వాడి మొహాన కొట్టు."

"అలాగే పెద్దమ్మా" అంది పిచ్చుక. చొక్కా వేసుకుని, సరిగ్గా సరిపోయిందని చెప్పి, గిన్నెలు కడగడానికి లేచింది. పెద్దమ్మ ఆ సాయంత్రం వీధిలో కనపడినవాళ్ళందరికీ కేకు ముక్కలు పంచింది. కర్టెన్లావిడ ఇంటికి కూడా కావాలనే రెండు ముక్కలు పంపించింది. ఆ రోజు తను పడిన సంతోషం తలచుకుంటే ఇప్పుడు ఆమెకే సిగ్గేస్తుంది.

మూడు నెలలు గడిచాయి. ఒక పొద్దున బేకరీ నుంచి ఫోన్ వచ్చింది. పెద్దమ్మ మెడలో టేపుతోనే పరుగెత్తింది. పిచ్చుక ట్రే చేతిలో ఉండగానే పడిపోయిందట, బల్ల అంచు తగిలిందట. ఆస్పత్రిలో కనుబొమ్మ పైన ఐదు కుట్లు వేశారు. లోకంలో ఉన్న గుడ్డలన్నీ కుట్టిన మనిషి ఆ ఐదు కుట్లను చూడలేక తల తిప్పుకుంది.

డాక్టరు అడిగితే అసలు సంగతి బయటపడింది. నెలన్నర కిందటే మందుల షాపులో కార్డు చెల్లదన్నారు. పిచ్చుక ఎవరికీ చెప్పకుండా జీతంలోంచి కొన్ని మాత్రలు కొని, ఒక్కొక్కదాన్నీ రెండు ముక్కలు చేసి మింగుతోంది.

"ఎందుకు చెప్పలేదే నాకు? నోరు పడిపోయిందా?" అని అరిచింది పెద్దమ్మ. వార్డంతా తిరిగి చూసింది.

"నువ్వంత సంతోషంగా ఉన్నావు కదా పెద్దమ్మా. కార్డు పోవడానికి ఆ కాగితమే కారణమని షాపులో చెప్పారు. ఆ మాట నీకెలా చెప్పను?"



ఎవరో చెబితే ఇద్దరూ, అందరూ కార్డు మావయ్య అని పిలిచే ఒకతని దగ్గరికి వెళ్ళారు. సైకిళ్ళు బాగుచేసే షాపు మీద ఒక చిన్న గది, రెండు బల్లలు, గోడ పొడవునా ఫారాలు. సంరక్షణలో పెరిగి బయటికొచ్చిన పిల్లలకు వైద్యం కార్డు పోకుండా చూడడమే అక్కడి పని. చిరునామా మారితే రాయించడం, ఏడాదికొకసారి కొత్త ఫారం పెట్టించడం, ఫోన్లు ఎత్తనివాళ్ళ చేత ఎత్తించడం. కార్డు మావయ్య ఒకప్పుడు బీమా కంపెనీలో జనం పెట్టుకున్న అర్జీలు కొట్టేసే ఉద్యోగం చేశాడట. "ముప్పై ఏళ్ళు కాదనడమే నా పని. ఇప్పుడు ఆ పాపం కడుక్కుంటున్నా" అని కొత్తవాళ్ళందరికీ చెప్పి తనే నవ్వేవాడు. "అడగందే అమ్మైనా పెట్టదు. ఇంక గవర్నమెంటు ఏం పెడుతుంది? అడగాలి, మళ్ళీ అడగాలి."

కాగితాలన్నీ చూసి అతను నవ్వడం మానేశాడు.

"రూలు ఇదమ్మా. పద్దెనిమిది నిండిన రోజున ఆఫీసు సంరక్షణలో ఉన్న పిల్లలకి ఇరవయ్యారేళ్ళు వచ్చేదాకా కార్డు ఉచితం. ఆ ఒక్క రోజు ఉంటే చాలు. మీ పిల్ల పన్నెండేళ్ళుంది. ఆ ఒక్క రోజు మాత్రం లేదు. తొమ్మిది రోజుల ముందు తీసేశారు."

"నా కార్డులో చేర్చుకుంటా దీన్ని."

"మీది చిన్న షాపు వాళ్ళకిచ్చే కార్డు. మీ ఒక్కరికే. నేను ముందే చూశాను."

పెద్దమ్మ కుర్చీ చేతులు పట్టుకుంది. ఎవరినైనా తిట్టాలని నోరు లాగేస్తోంది, తీరా చూస్తే తిట్టాల్సిన మనిషి తనే. ఏదో సాధించానని వీధంతా కేకు పంచింది. పిల్ల నోటి దగ్గర మందు లాగేసి, దాన్ని కానుకని కవర్లో పెట్టి ఇచ్చింది. తన కొరివితో తన తల గోక్కుంటే గోక్కుంది, పిల్ల తల కాల్చిందే! అలా అనుకుని, అందరి ముందూ కళ్ళు తుడుచుకుంది. పిచ్చుక ఆమె మోచేతి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వేయడమే ఇంకా భరించలేకపోయింది పెద్దమ్మ.

కార్డు మావయ్య పత్రాన్ని వెలుగులోకి ఎత్తి చూశాడు. "ఇక్కడ పిల్ల సంతకం లేదే?"

దొరికిన దారి అదొక్కటే. అప్పీలు పెట్టుకున్నారు. విచారణకు వారం ముందు కార్డు మావయ్య ఇద్దరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. అధికారి పిల్లను ఒకటే ప్రశ్న అడుగుతాడు. ఆ రోజు నిన్ను అడిగి ఉంటే ఒప్పుకునేదానివా అని. ఒప్పుకునేదాన్ని అంటే సంతకం పొరపాటున మిగిలిపోయిందని రాసుకుంటారు, పత్రం నిలబడుతుంది, కార్డు పోయినట్టే. ఒప్పుకునేదాన్ని కాదు అంటే పత్రం చెల్లదు, పద్దెనిమిది నిండిన రోజున పిల్ల సంరక్షణలోనే ఉన్నట్టు లెక్క.

ఆ వారమంతా పెద్దమ్మ మిషను తొక్కుతూనే పాఠం చెప్పింది. "ఒప్పుకునేదాన్ని కాదు అను. గట్టిగా అను. ఆవిడ దగ్గర ఉండడం నాకిష్టం లేదను. నోరు మంచిది కాదను, కొడుతుందను, ఏదైనా అను. అబద్ధమని నాకు తెలుసుగా, నేనేమీ అనుకోను."

"నువ్వెప్పుడు కొట్టావు పెద్దమ్మా?"

"కొట్టలేదని కేసు ఓడిపోతావా ఏంటే? పిచ్చిమొహమా! అబద్ధం నీకు కాదు, నాకంటుకుంటుంది. చెప్పు, ఏమంటావు?"

"చెప్తాలే పెద్దమ్మా" అంది పిచ్చుక, బొత్తాలు రంగుల వారీగా డబ్బాల్లో వేస్తూ. ఆ పిల్లకు అబద్ధం ఆడడం చేతకాదని, గొంతు తడబడిపోతుందని పెద్దమ్మ భయం. భయంతో రెండు రోజులు తిండి కూడా సరిగా తినలేదు.

విచారణ ఒక చిన్న గదిలో జరిగింది. అధికారికి జలుబు. మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటూ కాగితాలు తిప్పాడు. పెద్దమ్మ వెనక బెంచీ మీద, పక్కన కార్డు మావయ్య. పిచ్చుక నీలం చొక్కా వేసుకుని ముందు కుర్చీలో కూర్చుంది. కనుబొమ్మ మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"చూడమ్మా" అన్నాడు అధికారి. "ఈ పత్రం రాసిన రోజు నిన్ను అడిగి ఉంటే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదండి."

తడబడలేదు. పెద్దమ్మ ఊపిరి వదిలింది. శభాష్ అనుకుంది.

"ఎందుకు?"

"మా అమ్మ కోసమండి" అంది పిచ్చుక. "నన్ను ఆఫీసులో దించి వెళ్ళేటప్పుడు మా అమ్మ చెప్పింది, నేను మళ్ళీ వస్తాను, ఇక్కడే అడుగుతాను అని. తనకి వేరే చోటేదీ తెలీదు కదండీ. ఫైలుంటే, వచ్చి అడిగితే నేనెక్కడున్నానో చెప్తారు. నాకు పదిహేనేళ్ళప్పుడు వెళ్ళి కనుక్కున్నాను కూడా. పద్దెనిమిది దాకా సంరక్షణలో ఉంటే ఆ తర్వాత కూడా పేరు పుస్తకంలో ఉంచుతారట, ఇరవయ్యారేళ్ళ దాకా. ముందే మూసేస్తే పాత కాగితాల గదిలో పడేస్తారట. అప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే అలాంటి పిల్ల లేదనేస్తారు."

అధికారి రాయడం ఆపి తలెత్తాడు.

"పెద్దమ్మ చాలా మంచిదండి. నన్ను ఎప్పుడూ కొట్టలేదు" అంది పిచ్చుక. "నాకు ఫిట్స్ వచ్చిన రోజుల్లో తను నిద్రపోయేది కాదు. నేను ఎప్పటికీ తన దగ్గరే ఉంటాను. కానీ ఆ రోజు నన్ను అడిగుంటే, తొమ్మిది రోజులు ఆగమని కాళ్ళు పట్టుకుని బతిమాలేదాన్ని."

అబద్ధానికి ఇన్ని వివరాలుండవు. పదిహేనేళ్ళప్పుడు వెళ్ళి కనుక్కుందట. ఎవరితో వెళ్ళింది, ఏ బస్సెక్కింది? ఆ రోజు ఇంటికొచ్చి ఏం మాట్లాడింది, తను ఏం కుడుతూ కూర్చుంది? పెద్దమ్మకు ఒక్కటీ గుర్తు రాలేదు. తను నేర్పిందంతా బూడిదలో పోసిన పన్నీరే. పిల్లకు నేర్పక్కర్లేని జవాబు మూడేళ్ళుగా, కాదు పన్నెండేళ్ళుగా సిద్ధంగా ఉంది.

"ఈ సంగతి మీకు తెలుసా అమ్మా?" అని అధికారి పెద్దమ్మను అడిగాడు.

పెద్దమ్మ లేచి నిలబడింది. "తెలీదండి."

"పిల్ల మీకెప్పుడూ చెప్పలేదా?"

పిల్ల చెప్పాలనే చూసింది. వచ్చిన కొత్తలో రోజుకు పదిసార్లు "మా అమ్మయితే" అని మొదలుపెట్టేది. "మా అమ్మయితే జడ ఇలా వెయ్యదు. మా అమ్మయితే పాట పాడి నిద్రపుచ్చుతుంది." పెద్దమ్మ వెంటనే, "ఆ మాటలన్నీ ఇప్పుడెందుకే, ముందు తిను" అనేది. పసిది గుర్తు చేసుకుని ఏడుస్తుందని అలా అనేదాన్నని ఇన్నేళ్ళూ తనకు తనే చెప్పుకుంది. ఏడుస్తుందని కాదు. ఒళ్ళు మండేది, అంతే. వదిలేసి పోయినదాని పేరు తన ఇంట్లో వినపడడమేమిటని కడుపులో మంటగా ఉండేది. నెల తిరిగేసరికి పిల్ల ఆ మాట ఎత్తడం మానేసింది. మరిచిపోయిందిలే అని పెద్దమ్మ సంబరపడింది.

"నేను అడగలేదండి" అంది పెద్దమ్మ.

అధికారి ముక్కు తుడుచుకుని, పత్రం చెల్లదని రాశాడు. ఫైలు తిరిగి తెరవాలని, పద్దెనిమిది నిండిన రోజున పిల్ల ఆఫీసు సంరక్షణలోనే ఉన్నట్టు పరిగణించాలని, ఇరవయ్యారేళ్ళు వచ్చేదాకా కార్డు ఇవ్వాలని రాశాడు. కార్డు మావయ్య పెద్దమ్మ మోకాలి మీద తట్టబోయి, ఆమె మొహం చూసి, తన మోకాలి మీదే తట్టుకున్నాడు.

బయట మెట్ల మీద మాత్రం ఆగలేకపోయాడు. పిచ్చుక కిందికి దిగి నీళ్ళు తాగుతుంటే చాటుగా అన్నాడు, "అమ్మో, ఏం చెప్పిందండీ పిల్ల! ముప్పై ఏళ్ళు జనం కట్టుకథలు విన్నవాణ్ణి, నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తల్లి ముక్క ఎవరు నేర్పారు?"

"నేనే" అంది పెద్దమ్మ.

"గట్టివారే!"

తాత్కాలిక కార్డు అప్పటికప్పుడే చేతికిచ్చారు. ఇద్దరూ నడుచుకుంటూ మందుల షాపుకు వెళ్ళారు. జనం ఎక్కువగా ఉన్నారు. చీటీ ఇచ్చి, పిలిచేదాకా కూర్చోమన్నారు. గోడ పక్కన బెంచీ మీద ఇద్దరికీ చోటు దొరికింది. పిచ్చుక కార్డు మీద తన పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటోంది.

"కోపం వచ్చిందా పెద్దమ్మా?" అంది తలెత్తకుండానే.

"నాకా? నీ మీదా? ఛ!" అంది పెద్దమ్మ. "నేనే తప్పు చేశానే. కార్డు సంగతి కాదు నేననేది. పన్నెండేళ్ళు..." నలుగురి మీదా నోరు పారేసుకునే మనిషికి పక్కన కూర్చున్న పిల్లతో ఒక మాట అనడానికి అంతసేపు పట్టింది. షాపతను ముగ్గురిని పిలిచాడు, ముగ్గురూ మందులు తీసుకుని వెళ్ళిపోయారు. అప్పుడు అడిగింది.

"మీ అమ్మ ఎలా ఉండేదే?"

పిచ్చుక కార్డు పక్కన పెట్టింది. చాలాసేపు ఎదురుగా ఉన్న గోడను చూస్తూ వెతుక్కుంది. 

"ఇప్పుడు సరిగ్గా రావట్లేదు పెద్దమ్మా" అంది పిచ్చుక చివరికి. "నీ దగ్గరికొచ్చిన కొత్తలో అంతా గుర్తుండేది. నువ్వు అడుగుతావేమోనని చాలా రోజులు చూశాను."